గడిలో మారే అక్షరం – ఒక చిన్న చరిత్ర



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు రెండుసార్లు కబురు పంపారు. "ఉద్యోగ జ్ఞాపకాలు అందరూ రాస్తున్నారు. నువ్వు కంప్యూటరు విభాగంలో పనిచేసినవాడివి, ఆ చరిత్ర కాస్త రాయవయ్యా" అన్నారు. కంప్యూటర్ల చరిత్ర అంతా రాయడం నా వల్ల అయ్యే పని కాదు. అందులో ఒక చిన్న గడి చరిత్ర మాత్రం రాస్తాను. పేరో నంబరో రాయడానికి తెర మీద కనబడే తెల్లటి గడి అది. బ్యాంకులో, ట్రెజరీలో, మీ-సేవ కేంద్రంలో మనమందరం చూసినదే.

ఆ గడిలో ఒక అక్షరం మారినప్పుడు యంత్రం ఏం చేయాలి? చూడడానికి చిన్న ప్రశ్న. ఈ ప్రశ్నకు నేను ఒకసారి తప్పు జవాబు రాసినందువల్ల ఒక తల్లికి మూడు నెలలు పింఛను ఆగిపోయింది. ఇన్నేళ్ళయినా ఆ సంగతి మరిచిపోలేదు. కనుక రాస్తున్నాను.

కాగితం కాలం

మాది కంగ్టి. పాత నారాయణఖేడ్ తాలూకా. 1956కు ముందు ఈ తాలూకా హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలో ఉండేది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో మెదక్ జిల్లాకు వచ్చింది. 1985లో మండలాలు ఏర్పడినప్పుడు కంగ్టి మండల కేంద్రమైంది. 2016 అక్టోబరు 11 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉన్నాం. ఊరు ఉన్నచోటే ఉంది, చిరునామా మాత్రం మారుతూ వచ్చింది.

సరిహద్దు ఊళ్ళు కావడం వల్ల మా దగ్గర తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అన్నీ వినబడతాయి. పాత కాగితాల్లో ఉర్దూ, తర్వాతి వాటిలో తెలుగు, కంప్యూటరు వచ్చిన కొత్తలో ఇంగ్లీషు అక్షరాలు. ఉర్దూ రాతలో హ్రస్వాలకు గుర్తులు సాధారణంగా పెట్టరు, చదివేవాడే పోల్చుకోవాలి. ఇంగ్లీషులో రాస్తే "ట"కూ "త"కూ తేడా ఉండదు. ఒకే మనిషి పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉండడం మా వైపు వింత కాదు. అందువల్ల ఒక్క అక్షరం మారితే ఎంత తిప్పలో మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

కాగితం మీద రాసే రోజుల్లో ఇందుకు ఒక కట్టుబాటు ఉండేది. రిజిస్టరులో తప్పు పడితే రబ్బరు పెట్టి చెరపకూడదు. గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. ఉత్తరమైతే ముందు చిత్తుప్రతి, సూపరింటెండెంటు గారు చూసి సంతకం పెట్టాక సాఫుప్రతి. చిత్తులో ఎన్ని కొట్టివేతలున్నా ఎవరికీ నష్టం లేదు. సంతకం పడ్డాకే అది ఆఫీసు మాట. రాస్తూ ఉన్నది వేరు, రాసి ముగించినది వేరు. గుమాస్తాలందరికీ ఈ తేడా తెలుసు. యంత్రానికి దీన్ని నేర్పడానికి ప్రోగ్రాములు రాసేవాళ్ళకు చాలా ఏళ్ళు పట్టింది.

ఎంటరు కొట్టేదాకా

మొదట్లో అసలు గడే లేదు. మన హైదరాబాదులో ఈ.సి.ఐ.ఎల్. సంస్థ 1967లో ఏర్పడింది. ఆ కాలపు యంత్రాలకు సమాచారం కార్డులకో కాగితపు పట్టీకో రంధ్రాలు పొడిచి అందించేవారు. తప్పు పొడిస్తే ఆ కార్డు తీసేసి ఇంకోటి పొడవడమే.

1971లో ఐ.బి.ఎం. వారి 3270 టెర్మినల్ వచ్చింది. తెర మీద ఖాళీ గడులతో ఒక నమూనా కనబడుతుంది. గుమాస్తా ఎంతసేపు రాసినా, ఎన్నిసార్లు దిద్దినా పెద్ద కంప్యూటరుకు ఆ సంగతి తెలియదు. అంతా టెర్మినల్లోనే ఉంటుంది. ఎంటరు మీట నొక్కినప్పుడే సమాచారం పోతుంది. అందులో ఒక చక్కని ఏర్పాటు ఉంది. ప్రతి గడికీ "ఇది మారింది" అని చెప్పే ఒక గుర్తు ఉంటుంది. గడిని ముట్టుకుంటే ఆ గుర్తు పడుతుంది. ఎంటరు కొట్టినప్పుడు గుర్తు పడిన గడులు మాత్రమే పెద్ద కంప్యూటరుకు వెళ్తాయి. ఇది మన చిత్తు, సాఫు పద్ధతే. ఎంటరు మీట సంతకంతో సమానం.

తర్వాత మన ఆఫీసుల్లోకి పర్సనల్ కంప్యూటర్లు వచ్చాయి. నా తరం వాళ్ళు చేయి తిప్పుకున్నది డీబేస్, ఫాక్స్‌ప్రోల మీద. అందులో "సే", "గెట్" అని గడి గీసి, "రీడ్" అని ఆగేవాళ్ళం. గుమాస్తా గడి దాటి బయటకు వస్తేనే రాసినది ప్రోగ్రాము చేతికి అందేది. క్లిప్పరులోనూ ఫాక్స్‌ప్రోలోనూ "వాలిడ్" అని ఒక షరతు కూడా పెట్టుకోవచ్చు. తప్పు నంబరు రాస్తే గడి దాటనివ్వదు. పద్ధతి మొరటే గాని భద్రమైనది.

గంట కొట్టే గడి

1985లో మైక్రోసాఫ్టు వారి విండోస్ మొదటిసారి వచ్చింది. దానితో పని తీరు తలకిందులైంది. అంతకు ముందు ప్రోగ్రాము ముందు నడిచి, మనిషి దాని వెంట నడిచేవాడు. విండోస్‌లో మనిషి మౌసుతో తన ఇష్టం వచ్చిన గడిలోకి వెళ్తాడు, ప్రోగ్రాము కాచుకుని కూర్చోవాలి. ఏదైనా జరిగినప్పుడు యంత్రం దానికి ఒక కబురు పంపుతుంది. దీన్నే ఈవెంటు అంటారు. ఆఫీసరుగారి బల్ల మీది కాలింగ్ బెల్లు అనుకోండి. బెల్లు మోగితే అటెండరు లోపలికి వెళ్తాడు. లేకపోతే బయట స్టూలు మీద ఉంటాడు.

విండోస్‌లో రాసే గడి ఇలాంటి కబుర్లు రెండు పంపేది. అక్షరం మారి, తెర మీద ఇంకా కనబడకముందు ఒకటి, కనబడ్డాక రెండోది. వీటిని అందుకోవాలంటే సీ భాషలో పేజీలకు పేజీలు రాయాలి. మాబోటి వాళ్ళకు అది అందని పండు.

1991 మే నెలలో విజువల్ బేసిక్ వచ్చాక ఆ పండు చేతికందింది. అలన్ కూపర్ అనే ఆయన తయారు చేసిన, తెరలను చేత్తో గీసుకునే పరికరాన్ని మైక్రోసాఫ్టు కొని, 1964 నుంచి ఉన్న బేసిక్ భాషతో కలిపింది. గడిని మౌసుతో గీసి, దాని మీద రెండుసార్లు నొక్కితే చాలు, "ఛేంజ్" అనే ఖాళీ జాగా తెరుచుకునేది. గడిలో అక్షరం మారినప్పుడల్లా ఏం చేయాలో అందులో రాయాలి. మొట్టమొదట కళ్ళబడేది అదే కాబట్టి నేర్చుకునేవాళ్ళందరూ పనంతా అందులోనే రాసేసేవారు. నేనూ అంతే చేశాను.

నంబరు చివర ఒక ఎఫ్

2000 సంవత్సరం సమస్య మీకు గుర్తుండే ఉంటుంది. సంవత్సరానికి రెండంకెలే పెట్టిన పాత ప్రోగ్రాములన్నీ మార్చాలన్నారు. ఆ సందర్భంలోనే 1999లో మా ఆఫీసు పింఛను ప్రోగ్రామును ఫాక్స్‌ప్రో నుంచి విజువల్ బేసిక్ 6కు మార్చే పని నాకు అప్పగించారు.

పింఛనుదారు నంబరు గడిలో ఛేంజ్ ఈవెంటు పెట్టాను. ఒక్కొక్క అంకె రాస్తుంటే ప్రోగ్రాము వెతుకుతూ ఉంటుంది. 4 నొక్కితే 4వ నంబరు వారి వివరాలు, 41 అయితే 41వ నంబరు వారివి, 418 అయితే 418వ నంబరు వారివి కింద కనబడతాయి. ఎంటరు కూడా కొట్టనక్కర్లేదు. చూసినవాళ్ళందరూ భేష్ అన్నారు. నేనూ పొంగిపోయాను.

ఉద్యోగి చనిపోయాక భార్యకు వచ్చే ఫ్యామిలీ పింఛనుకు అదే నంబరు చివర ఇంగ్లీషు ఎఫ్ అక్షరం చేర్చేవాళ్ళం. 418 భర్తది, మూసేసిన ఖాతా. 418 ఎఫ్ భార్యది. రికార్డులో పెద్ద బడి ఎఫ్ ఉంది. నవంబరులో జీవన ధ్రువపత్రాలు నమోదు చేయడానికి కూర్చున్న కొత్త గుమాస్తా చిన్న బడి ఎఫ్ కొట్టాడు. విజువల్ బేసిక్ మామూలుగా ఈ రెంటినీ వేర్వేరు అక్షరాలుగా చూస్తుంది. 418 దగ్గర భర్త వివరాలు వచ్చి కూర్చున్నాయి. ఎఫ్ కొట్టగానే ప్రోగ్రాము మళ్ళీ వెతికింది, దొరకలేదు. దొరకకపోతే ఏం చేయాలో నేను రాయలేదు. కనుక పాత వివరాలు అలాగే తెర మీద ఉండిపోయాయి. పైన గడిలో నంబరు సరిగ్గానే కనబడుతోంది. కింద ఇంటిపేరు కూడా అదే. గుమాస్తా సేవ్ నొక్కాడు. చనిపోయిన భర్త బతికున్నట్టు పత్రం నమోదైంది. భార్య పత్రం ఇవ్వనివాళ్ళ జాబితాలో చేరింది. జనవరి నుంచి పింఛను ఆగింది.

ఆమె మా కంగ్టి అవతలి ఊరామె. ఏప్రిల్ మొదటి వారంలో, నారాయణఖేడ్‌లో బస్సు మారి, మధ్యాహ్నం వేళకు ఆఫీసుకు వచ్చింది. పత్రం ఇచ్చిన రసీదు కొంగుకు ముడివేసి తెచ్చింది.

"సారూ, నీ ముంగట్నే కూసున్న గదా. నేను బతికే ఉన్న. మరి మీ మిషన్ల ఎట్ల సచ్చిన?" అని అడిగింది.

"నువ్వు చావలేదమ్మా. కాయితం రాలేదని ఉంది, అంతే" అన్నాను.

"కాయితం ఇయ్యకుంటే ఈ చీటీ యాడికెల్లి వచ్చె?" అంది.

రికార్డు తీసి చూస్తే భర్త ఖాతా మీద ఆ తేదీ కనబడింది. నాకు ఒళ్ళు చల్లబడింది. మూసేసిన ఖాతాల్లో జీవన పత్రం నమోదైనవి ఎన్నున్నాయో ఆ సాయంత్రమే జాబితా తీశాను. ఆమె కాక ఇంకా నలుగురు తేలారు. అందులో ఇద్దరు అడగడానికి కూడా రాలేదు. సర్కారు ఆపిందంటే ఏదో కారణం ఉంటుందనుకున్నారట. ఆ నెలలోనే అందరికీ బకాయిలు ఇప్పించాం. కాని మూడు నెలలు ఆమె అప్పు చేసి గింజలు కొన్నదన్న మాట నేను బకాయిలో కలిపి ఇవ్వలేకపోయాను.

కొత్త గుమాస్తాను ఎవరో తప్పుపట్టబోతే నేనే అడ్డుపడ్డాను. చిన్న ఎఫ్ కొట్టడం నేరం కాదు. తప్పు నాది. మూసిన ఖాతాకు పత్రం ఎక్కకుండా చూడాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

దిద్దుబాటు

చిన్న బడిని పెద్ద బడిగా మార్చడం మొదటి పని అనుకున్నాను. ఛేంజ్ ఈవెంటులోనే గడిలోని మాటను పెద్ద బడిలోకి మార్చి తిరిగి గడిలో పెట్టాను. కొత్త చిక్కు వచ్చింది. ప్రోగ్రాము గడిని మార్చినా అది మార్పే కదా, బెల్లు మళ్ళీ మోగుతుంది. అటెండరు లోపలికి వెళ్ళి తానే బెల్లు నొక్కినట్టు. జాగ్రత్త పడకపోతే ఒకదాన్నొకటి పిలుచుకుంటూ యంత్రం చతికిలపడుతుంది. పైగా గడిని అలా తిరిగి నింపితే రాసే గీత మొదటికి జరిగిపోతుంది; తర్వాత కొట్టిన అక్షరం మాట ముందుకు వచ్చి పడుతుంది.

అప్పుడు "కీప్రెస్" ఈవెంటు వాడాను. అది అక్షరం గడిలోకి చేరకముందే మోగుతుంది. అక్కడే పెద్ద బడి చేసి లోపలికి పంపవచ్చు. కాని ఎక్కడినుంచో నంబరును కాపీ చేసి మౌసుతో అతికిస్తే కీప్రెస్ మోగదు. ఛేంజ్ మోగుతుంది. మీట నొక్కినా, అతికించినా, ప్రోగ్రామే నింపినా ఏదీ దాని కన్నుగప్పి పోదు. అందుకని వెతికే చోట రెండు బడులనూ సమానంగా చూసే ఏర్పాటు కూడా చేశాను.

అసలు దిద్దుబాటు వేరే. వెతకడాన్ని ఛేంజ్ నుంచి తీసేశాను. గడి దాటేటప్పుడు మోగే "వాలిడేట్" ఈవెంటులో పెట్టాను. అది 1998లో విజువల్ బేసిక్ 6తో కొత్తగా వచ్చింది. అంతకు ముందు "లాస్ట్‌ఫోకస్" ఉండేది గాని, అది గడి దాటాక మోగేది. తప్పుందని వెనక్కి లాగబోతే పక్క గడి కూడా తన తనిఖీ మొదలుపెట్టి, రెండు గడులూ గుమాస్తాను చెరొక రెక్క పట్టి లాగేవి. వాలిడేట్‌తో ఆ బాధ తీరింది. రద్దు బటనుకు తనిఖీ లేకుండా వదిలే వీలు కూడా ఉంది.

మరి ఛేంజ్‌లో ఏం మిగిల్చాను? ఒకే ఒక్క పని. నంబరు గడిలో ఏది మారినా కింద ఉన్న పేరు, వివరాలు అన్నీ చెరిపేయాలి, సేవ్ బటను పనిచేయకూడదు. అంతే. గడిలో అక్షరం మారిందంటే దాని అర్థం, ఇందాకటి వివరాలను ఇక నమ్మవద్దు అని. కొత్త సంగతి తేలిందని కాదు. పాతదాన్ని రద్దు చేయడం వరకే మార్పు కబురు పని. కొత్తదాన్ని తేల్చడం మనిషి ముగించాక జరగాలి. ఈ రెండు వాక్యాలు ముందే తెలిసి ఉంటే ఆమె బస్సు ఖర్చు పెట్టుకుని రావలసిన పని ఉండేది కాదు.

దేశదేశాల ప్రోగ్రామర్లు కూడా ఇలాగే దెబ్బలు తిని నేర్చుకున్నట్టున్నారు. 1998లో వచ్చిన జావా స్వింగ్‌లో గడి మారిందన్న కబురు మూడు భాగాలుగా వస్తుంది: అక్షరం చేరింది, అక్షరం పోయింది, అక్షరపు రూపు మారింది. ఈ మూడోదాని పేరులో "ఛేంజ్" ఉంది కనుక కొత్తవాళ్ళు పనంతా అందులో రాసి, ఏమీ జరగడం లేదేమని తల పట్టుకుంటారు. మామూలు గడిలో అది మోగనే మోగదు. ఇంకో కట్టుబాటు కూడా పెట్టారు. మార్పు కబురు వింటూ ఉన్నప్పుడు అదే గడిని మార్చబోతే జావా ఒప్పుకోదు, తప్పని చెప్పి ఆపేస్తుంది. 2002లో వచ్చిన డాట్‌నెట్‌లో మార్పుకు ఒక ఈవెంటు, తనిఖీకి ఇంకొకటి, తనిఖీ ముగిశాక మరొకటి విడివిడిగా ఉన్నాయి. మన చిత్తు, తనిఖీ, సాఫు అనే మూడు మెట్లే ఇవి.

కంగ్టికి ఆరు నొక్కులు

ఇంతవరకూ చెప్పినది ఇంగ్లీషు అక్షరాల సంగతి. తెలుగు వచ్చేసరికి ఈ ప్రశ్న ఇంకా లోతుగా ఉంటుంది. దానికి మా ఊరి పేరే మంచి ఉదాహరణ.

కంగ్టి అని చేత్తో రాస్తే రెండే అక్షరాలు: కం, గ్టి. కంప్యూటరుకు అవి ఆరు: క, సున్న, గ, పొల్లు, ట, గుడి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద ఆరు మీటలు నొక్కాలి. అంటే మార్పు బెల్లు ఆరుసార్లు మోగుతుంది. మూడో నొక్కుకు గడిలో "కంగ" ఉంటుంది. నాలుగో నొక్కుకు "కంగ్" అవుతుంది. అయిదో నొక్కుకు ట వచ్చి గ కింద ఒత్తుగా కూర్చుంటుంది. ఆరో నొక్కుకు గుడి పడి ఊరి పేరు పూర్తవుతుంది. నడుమ కనబడే రూపాలు ఏ ఊరి పేర్లూ కావు. ఒక్కొక్క నొక్కుకూ తీర్పు చెప్పే ప్రోగ్రాము "కంగ్" దగ్గర ఇలాంటి ఊరు లేదని కేక వేస్తుంది.

పేరుకు ఇన్ని అక్షరాలే అని హద్దు పెట్టినా ఇదే చిక్కు. నారాయణఖేడ్ మన లెక్కలో ఆరు అక్షరాలు, యంత్రం లెక్కలో పది. ఎనిమిదికి హద్దు పెడితే "నారాయణఖే" దగ్గర ఆగిపోతుంది.

తెలుగుకు ఈ లెక్క కుదరడానికే చాలా కాలం పట్టింది. భారతీయ లిపులన్నిటికీ కలిపి ఇస్కీ అనే సంకేత పద్ధతి 1991లో జాతీయ ప్రమాణమైంది. పుణేలోని సీ-డాక్ వారి జిస్ట్ కార్డు కంప్యూటరులో బిగిస్తే డీబేస్ వంటి ఇంగ్లీషు ప్రోగ్రాముల్లో కూడా తెలుగు కనబడేది. అదే 1991లో ప్రపంచ భాషలన్నిటి కోసం యూనికోడ్ మొదటి ప్రతి వచ్చింది, అందులో తెలుగుకూ చోటు దొరికింది. కాని విజువల్ బేసిక్ 6 గడికి యూనికోడ్ తెలుగు చూపించడం చేతకాదు. అచ్చుపనికి వాడిన అను వంటి ఫాంట్లలో అక్షరానికి కాక అక్షరపు ముక్కలకు సంకేతాలు ఉండేవి. తలకట్టు ఒకటి, ఒత్తు ఒకటి. చూడడానికి అందంగా ఉండేది గాని, వెతకడానికి, వరుసలో పెట్టడానికి కుదిరేది కాదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో తెలుగు కుదురుగా కూర్చుంది. అప్పటికి మా ఆఫీసు రికార్డులు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లోకి ఎక్కిపోయాయి.

ఇప్పటి సంగతి

ఇప్పుడు చేతిలోని ఫోనులో మాట సగం రాయకముందే మిగతా సగం అదే చూపిస్తోంది. ఛేంజ్ ఈవెంటులో వెతకడమే అది. కాని తయారు చేసేవాళ్ళు జాగ్రత్త నేర్చారు. ప్రతి నొక్కుకూ పరుగెత్తకుండా, చివరి నొక్కు తర్వాత సెకనులో కొంత భాగం ఆగి చూసి అప్పుడు వెతుకుతారు. దొరికినవాటిని జాబితాగా చూపుతారు, ఎంచుకోవడం మనకు వదులుతారు. సూచన వరకు యంత్రానిది, తీర్పు మనిషిది. ఇది సబబైన పద్ధతి.

జీవన ధ్రువపత్రం కూడా మారింది. 2014 నవంబరు 10న కేంద్ర ప్రభుత్వం జీవన్ ప్రమాణ్ ప్రారంభించింది. వేలిముద్రతో బతికున్నామని చెప్పుకోవచ్చు. అయినా అక్కడ కూడా పింఛను నంబరు, ఖాతా నంబరు గడిలో ఎవరో ఒకరు రాయాల్సిందే. కాబట్టి సభ్యులకు నా మనవి. నంబరు చెప్పి, అయిపోయిందనగానే లేచి రాకండి. తెర మన వైపు తిప్పమని అడిగి, నంబరు కింద వచ్చిన పేరు మనదేనా అని చదువుకోండి. ఫ్యామిలీ పింఛను తీసుకునే అక్కచెల్లెళ్ళు మరీ ముఖ్యంగా చూసుకోవాలి. రసీదు మీద కూడా పేరు చూసుకుని దాచుకోండి. ఆనాడు ఆ తల్లి కొంగు ముడిలో రసీదు లేకపోతే నేను ఆ తప్పును ఎప్పటికి పట్టుకునేవాణ్ణో చెప్పలేను.

మన పిల్లల్లో, మనవల్లో ఈ పని చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఈ వ్యాసం చదివి వినిపిస్తే సంతోషిస్తాను. మీట మీద వేలు పడ్డంతమాత్రాన మనిషి మాట ముగిసినట్టు కాదని వాళ్ళకు తెలియాలి.

బకాయి అందుకున్న రోజు ఆమె నా బల్ల దగ్గరకు వచ్చి, "ఇప్పుడు మిషన్ల ఉన్ననా సారూ?" అని అడిగింది. తెర ఆమె వైపు తిప్పి పేరు చూపించాను. ఆమెకు చదువు రాదు. అయినా కొంచెంసేపు చూసి, "మంచిది" అని వెళ్ళిపోయింది.

సెలవు.